చాప, సంచి, కాగితం

మన బడి మైదానంలో టర్ఫ్, అంటే గడ్డి పిచ్, ఏనాడూ లేదు. గట్టి ఎర్రమట్టి, దాని మీద 66 అడుగుల కొబ్బరినార చాప. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అబ్బాయిల అండర్-16 జట్టులో ఆడతానని పట్టుబట్టింది. మరేం చేస్తుంది? భారత మహిళలు తొలి టెస్టు ఆడింది 1976లో, శాంతా రంగస్వామి కెప్టెన్సీలో, ఈ బెంగళూరులోనే. అయినా మన బడిలో క్రికెట్ ఆడే అమ్మాయిలు నలుగురికి మించలేదు. స్టాఫ్‌రూములో వాదనంతా ఆమె బలం మీదే సాగింది. చిక్కులున్నది వేరేచోట.

చాప ఒక కొసన మేకులు కొట్టి, రెండో కొసను నలుగురు లాగి పట్టుకుంటేగానీ బిగువు రాదు. బిగిస్తే బంతి ఛాతీ దాకా లేస్తుంది. వదులైతే నెమ్మదించి బాగా తిరుగుతుంది. మడత మీద పడిందా, ఇక దేవుడే దిక్కు. పొట్టివాళ్లు బిగువు చాప మీద ముందుకొచ్చి ఆడితే బంతి వేళ్లకే తగులుతుంది. అందుకే పీటీ మాస్టారు ఆమెకు వెనక్కి జరిగి, మోచెయ్యి పైకెత్తి, బంతిని కాళ్ల దగ్గరే దించడం నేర్పారు. కుదరకపోతే వదిలెయ్యమన్నారు.

ఆడవాళ్ల బంతి 140 నుంచి 151 గ్రాములు, మగవాళ్లది 156 నుంచి 163. పిసరంత తేడాయే, కానీ తేలిక బంతికి అలవాటుపడ్డ చేతిలో బ్యాటు మొహం తిరిగిపోతుంది. నెట్స్‌లో మొదటిరోజు నుంచే ఆమెకు అబ్బాయిల మ్యాచ్ బంతి ఇచ్చారు.

జట్టు మొత్తానికీ ఒకటే కిట్ సంచి. పై చేత్తో మాత్రమే పట్టి ముందుకు చాపి అరనిమిషం నిలపలేని బ్యాటు మనది కాదు. కింది చెయ్యి పెత్తనం చేసి ప్రతి షాటూ అడ్డంగా పోతుంది. ఆరో నంబరు సైజు చిన్న బ్యాటు ఆమెకు విడిగా తెప్పించారు. పెద్ద ప్యాడ్లు తొడకు కొట్టుకుంటే రెండో పరుగు అందదు. వాళ్లమ్మ ఎత్తుగా బిగించిన జడ వల్ల హెల్మెట్ ముందుకు వాలి, గ్రిల్ కళ్లకడ్డం వచ్చేది. జడ మెడ మీదికి దిగాక సర్దుకుంది.

భారత మహిళా జట్టు బ్యాటర్ షెఫాలీ వర్మ చిన్నప్పుడు పానిపట్‌లో అబ్బాయిలా జుట్టు కత్తిరించుకుని అన్న స్థానంలో ఆడింది. మాస్టారు ఆ దారి వద్దన్నారు. క్రికెట్ చట్టాల్లో మొదటిదే, టాస్‌కు ముందు కెప్టెన్ పేర్లు రాసి అంపైరుకు ఇవ్వాలంటుంది. ఆ తర్వాత ఎదుటి కెప్టెన్ ఒప్పుకోనిదే మార్చకూడదు. ఆడా మగా ప్రసక్తి అందులో లేదు. అడ్డుపడేది టోర్నమెంటు నిబంధనలే. ఫారంలో ‘బాలురు’ అని ఉందంటూ ఒక ఏడాది పేరు కొట్టేశారు. మరుసటి ఏడాది మాస్టారు ఫారం కంటే ముందే ఉత్తరం రాసి, ఏ నిబంధన అడ్డో చూపమని అడిగారు. ముద్ర వేసిన అనుమతి వచ్చింది. ఎదుటి జట్టు అభ్యంతరం చెప్పినప్పుడు ఆ కాగితంతో రెండు నిమిషాల్లో తేలిపోయింది.

ఏడో నంబర్లో దిగి 11 పరుగులు చేసింది. లేచిన బంతికి క్యాచ్ ఇచ్చి వచ్చేసరికి మాస్టారు బౌండరీ దగ్గర నిలబడి ఉన్నారు.

“మోచెయ్యి ఏదమ్మా?”