అమ్మ వీపు చూశాక

సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్ళినప్పుడు, పైడితల్లి అమ్మవారి దర్శనం చేసుకుని అటునుంచి అటే అమ్మ ఉంటున్న వృద్ధుల హోమ్‌కి వెళ్ళాను. పక్షవాతంతో అమ్మకి ఎడమవైపు పడిపోయింది. విశాఖలో నా అద్దె ఇల్లు మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. అందుకే నెలకి 18 వేలు కట్టి అక్కడ ఉంచాను.

ప్రసాదం నోట్లో పెడుతుంటే ఏదో కుళ్ళు వాసన. డైపర్ అనుకున్నాను. మార్చుదామని పక్కకి తిప్పితే, నడుం కింద ఎముక దగ్గర రూపాయి బిళ్ళంత నల్లటి పుండు. చుట్టూ ఎర్రగా కమిలిపోయి ఉంది. నెలనెలా వచ్చి ముఖం చూసి, చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయేదాన్ని. వీపు ఒక్కసారీ చూడలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

"ఏటి సెయ్యమంతారమ్మా, రాత్రిపూట ఇరవై రెండు మందికి నేనొక్కదాన్నే" అంది ఆయా. ఆవిడ మీద నాకు కోపం రాలేదు.

ఆ సాయంత్రమే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఎముక ఉబికిన చోట చర్మం పరుపుకి నొక్కుకుపోతే అక్కడ రక్తం ఆడదని, తడి తోడైతే ఇంకా తొందరగా పాడవుతుందని డాక్టరు చెప్పారు. పైకి బిళ్ళంతే కనిపించినా, చచ్చిన చర్మం తీసేసరికి లోపల బొటనవేలు పట్టేంత గుంట. రెండు గంటలకోసారి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పి ఉంటే ఇంతవరకు వచ్చేది కాదన్నారు.

హోమ్ యజమానిని నిలదీస్తే, "తల్లిని వదిలేసినందుకు మీ మీదే కేసు అవుతుంది" అన్నాడు. రెండు రోజులు ఆ టెన్షన్‌తో నిద్రపోలేదు. తర్వాత వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 కి ఫోన్ చేశాను. డబ్బులు పడవు, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతారు. ఫోనెత్తినమ్మాయి ఓపిగ్గా చెప్పింది: తల్లిదండ్రుల, వృద్ధుల పోషణకి వచ్చిన 2007 నాటి చట్టంలో ఆ శిక్ష, అంటే మూడు నెలల వరకు జైలు లేదా 5000 వరకు జరిమానా లేదా రెండూ, పెద్దవాళ్ళని పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడో దింపేసేవాళ్ళకి, డబ్బు కడుతూ, వచ్చి చూసుకుంటున్న మీకు కాదు. అప్పుడు ఊపిరాడింది.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాను. పుండు ఫొటోలు, ఆసుపత్రి చీటీ, డబ్బు కట్టిన రసీదులు జతచేసి, రాత్రి ఎంతమంది ఆయాలు ఉంటున్నారో స్పష్టంగా రాశాను. రసీదు అడిగి తీసుకున్నాను. కొన్నాళ్ళకి అధికారులు వచ్చి చూసి వెళ్ళారని, రాత్రికి ఇంకొకరిని పెట్టారని ఆ ఆయానే ఫోన్ చేసి చెప్పింది. నా డిపాజిట్ మాత్రం సగమే వచ్చింది.

కొత్త చోటు వెతికేటప్పుడు హాలూ, టీవీ చూడలేదు. చెప్పకుండా రాత్రి తొమ్మిదింటికి వెళ్ళాను. ఒకచోట గేటే తీయలేదు. ఇంకోచోట తీశారు. మంచాల దగ్గర పక్క మార్చిన టైములు రాసిన కాగితాలు వేలాడుతున్నాయి. అన్నీ ఒకే పెన్నుతో ఒకేసారి రాసినట్టు లేవు. బాత్రూంలో పట్టుకునే కడ్డీలున్నాయి, నేల పొడిగా ఉంది. అమ్మని అక్కడ చేర్చాను.

పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు వారం వారం వెళ్తున్నాను. మొన్న నేను దుప్పటి తీయకముందే, అమ్మ కుడిచేత్తో మంచం కడ్డీ పట్టుకుని తనే కొంచెం పక్కకి ఒరిగింది.

"సూడు మరి" అంది.