నా అనుభవం: బ్యాటరీ నిండితే ఆరిపోయే మైక్రోగ్రిడ్‌ను దారికి తెచ్చుకున్నాం

మొత్తానికి నిన్న మా కాఫీ పల్పింగ్ యూనిట్ (కాఫీ పండు తొక్క తీసి గింజ వేరుచేసే చోటు) ఎక్కడా ఆగకుండా నడిచింది. కరెంటు లైను పొద్దున్నే పోయి చీకటి పడ్డాక గానీ రాలేదు. అయినా తొక్క తీసే పల్పర్, నీళ్ల పంపు, లైట్లు అన్నీ మా సొంత మైక్రోగ్రిడ్ (లైను లేకపోయినా తనంతట తాను నడిచే చిన్న కరెంటు వ్యవస్థ) మీదే నడిచాయి. పాడేరు ఏజెన్సీలో ఇలాంటివి పెట్టుకోవాలనుకునేవాళ్లకు పనికొస్తుందని వెంటనే రాస్తున్నాను.

మాకు కరెంటు కొండల మీదుగా, చెట్ల మధ్య నుంచి వచ్చే పొడవాటి లైను మీద వస్తుంది. గాలి వీస్తే కొమ్మ పడుతుంది, లైను పోతుంది. కాఫీ పళ్లు కోసిన రోజే పల్పింగ్ అయిపోవాలి. తెల్లారేదాకా కుప్పగా ఉంటే పండులోనే పులుపు మొదలై రుచి చెడుతుంది, ధర పడిపోతుంది. డీజిల్ జనరేటర్ ఖర్చు భరించలేక సంఘం వాళ్లం సోలార్, బ్యాటరీతో మైక్రోగ్రిడ్ పెట్టాలనుకున్నాం. లోన్, షెడ్డు, ప్యానెళ్ల బిగింపు సాఫీగా అయిపోయాయి. మోటార్ల విషయంలో మాత్రం ఒక మాట. మోటారును నేరుగా స్టార్ట్ చేస్తే నడిచేటప్పటి కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. పల్పర్‌కి వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మెల్లగా పెంచుతూ స్టార్ట్ చేసే పరికరం) పెట్టించాను. ఇన్వర్టర్ సైజు పెంచడం కంటే అది చాలా చవక.

అసలు నరకం ఆ తర్వాత మొదలైంది.

సప్లయర్ డెమో చూపించిన రోజు లైన్లో కరెంటు ఉంది. మెయిన్ ఆపారు, లైట్లు కనీసం రెప్ప కూడా వేయలేదు, అందరూ చప్పట్లు కొట్టారు. సీజన్ మొదలయ్యాక మాత్రం లైను పోయిన రోజుల్లో, సరిగ్గా ఎండ బాగా కాసే వేళ, బ్యాటరీ నూరు శాతం చూపిస్తుండగా యూనిట్ మొత్తం ఆగిపోయేది. మబ్బు పట్టిన రోజు ఏ గొడవా ఉండేది కాదు. ఫోన్ చేస్తే సప్లయర్ ఇంజినీరు వచ్చి, పళ్ల బస్తాలతో వరుసలో నిలబడ్డ రైతులందరి ముందూ, "మీవాళ్లు మోటార్లు ఇష్టమొచ్చినట్టు ఆన్, ఆఫ్ చేస్తున్నారు సార్. వీళ్లకి వాడటం రాదు" అనేశాడు. ఒక పెద్దాయన నా వైపు చూసి, "ఎండ కాస్తంటే కరెంటు పోడమేటి బాబూ?" అన్నాడు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివిన నా దగ్గర ఆ పూట జవాబు లేదు. వాళ్లని చేతకానివాళ్లలా మాట్లాడటం మాత్రం నేను మర్చిపోలేను. వస్తువు అమ్మినవాడు తప్పు ఎక్కడుందో వెతక్కుండా కొన్నవాళ్ల మీదకి తోయడం మన దగ్గర బాగా అలవాటైపోయింది.

సెలవు రోజు పనిగట్టుకుని మెయిన్ ఆపి, బ్యాటరీ నింపి, డిస్‌ప్లే ముందు కూర్చున్నాను. మా దాంట్లో రెండు రకాల ఇన్వర్టర్లు ఉన్నాయి. బ్యాటరీ ఇన్వర్టర్ వోల్టేజీని, 50 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీని (కరెంటు సెకనుకి 50 సార్లు ఊగే లయని) తనే పుట్టిస్తుంది. సోలార్ ఇన్వర్టర్ సొంతంగా ఏదీ పుట్టించదు, బ్యాటరీ ఇన్వర్టర్‌ని చూసి నడుచుకుంటుంది. మా థింసా నాట్యంలో అందరూ డప్పు దెబ్బకి అడుగు వేసినట్టు. బ్యాటరీ నిండాక ఎండ నుంచి వచ్చే పవర్ లోడు కంటే ఎక్కువైతే, బ్యాటరీ ఇన్వర్టర్ ఫ్రీక్వెన్సీని కొంచెం కొంచెంగా పెంచుతుంది. "తగ్గించు" అని సోలార్‌కి చెప్పడం అన్నమాట. వేరే వైరు అక్కర్లేదు, ఫ్రీక్వెన్సీయే కబురు.

పల్పర్ ఆపాను. 50.1, 50.3, 50.5... టక్‌మని రిలే (దానంతటదే పడే స్విచ్) చప్పుడు, సోలార్ సున్నా. తగ్గించుకోవాల్సింది పోయి పూర్తిగా తప్పుకుంది! ఒక నిమిషం పోయాక మళ్లీ వచ్చి కలిసింది, మళ్లీ టక్‌మంది. కలిసిన ప్రతిసారీ నిండిన బ్యాటరీలోకి ఇంకాస్త కరెంటు తోస్తోంది. అలా కొన్నిసార్లు జరిగేసరికి ఒక సెల్ 3.65 వోల్టులు దాటింది. బ్యాటరీని కాపాడటానికి బీఎంఎస్ (సెల్‌లను కనిపెట్టుకుని ఉండే సర్క్యూట్) దాన్ని విడదీసేసింది. ఇక బ్యాటరీ ఇన్వర్టర్‌కి ఆధారమే లేదు, యూనిట్ అంతా చీకటి.

కారణం సెట్టింగ్. 2013లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తెచ్చిన నిబంధనల ప్రకారం గ్రిడ్‌కి కలిపే సోలార్ ఇన్వర్టర్ 50.5 హెర్ట్జ్ దగ్గర 0.2 సెకన్లలో తప్పుకోవాలి, మళ్లీ కలవాలంటే కనీసం 60 సెకన్లు ఆగాలి. పెద్ద గ్రిడ్‌కి అది సరైన నియమమే. లైను మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం అలాంటి రక్షణల మీదే ఆధారపడి ఉంటుంది. కానీ లైను నుంచి విడిపోయి నడిచే చిన్న వ్యవస్థలో అదే సెట్టింగ్ ఉంచితే, తగ్గించమని పంపే కబురే ట్రిప్ అవుతుంది. మా ఇన్వర్టర్ మెనూలో మైక్రోగ్రిడ్ సెట్టింగ్ విడిగా ఉంది. అది పెడితే ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ పవర్ మెల్లగా తగ్గుతూ వస్తుంది. సప్లయర్ దాన్ని ముట్టుకోనే లేదు.

ఇంకొకటి కూడా బయటపడింది. బ్యాటరీ ఇన్వర్టర్ 15 కిలోవాట్లది అయితే సోలార్ 20 కిలోవాట్లు కట్టాడు. పెద్ద లోడు ఒక్కసారిగా ఆగితే ఆ పవరంతా వెనక్కి, బ్యాటరీ ఇన్వర్టర్ మీదకే వస్తుంది. అందుకే సోలార్ ఇన్వర్టర్ ద్వారా కలిపే సోలార్, బ్యాటరీ ఇన్వర్టర్ సామర్థ్యాన్ని మించకూడదు. మిగిలిన 5 కిలోవాట్ల ప్యానెళ్లను ఛార్జ్ కంట్రోలర్ (ప్యానెల్ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు మార్చే పరికరం) ద్వారా నేరుగా బ్యాటరీ వైపుకి మార్పించాను. ఛార్జింగ్‌ని 92 శాతం దగ్గర ఆపించాను, హఠాత్తుగా వచ్చే పవర్‌కి కాస్త చోటుంటుంది. బ్యాటరీ ఆ స్థాయికి చేరగానే నీళ్ల పంపు దానంతటదే ఆన్ అయి పై ట్యాంకు నింపేలా రిలే పెట్టాను. ఇది మాత్రం పూర్తిగా నా ఆలోచన. ఇదివరకు వృథా అయిన ఎండతో ఇప్పుడు కాఫీ గింజలు కడిగే నీళ్లు వస్తున్నాయి.

తర్వాత కరెంటు ఆఫీసు. సెట్టింగ్ మార్చామనగానే "50.5 లేకపోతే కుదరదు" అన్నారు. లైను కలిసే చోట విడిగా రక్షణ రిలే ఉందని, లైను పోయిన వెంటనే మమ్మల్ని విడదీసేది అదేనని, సోలార్ ఇన్వర్టర్ దాని వెనకాల ఉందని ఎంత చెప్పినా ఫైలు కదల్లేదు. నోటిమాట వాళ్లకి ఎక్కదు. సింగిల్ లైన్ డయాగ్రం (ఏది ఎక్కడ కలుస్తుందో చూపే బొమ్మ), రిలే టెస్ట్ రిపోర్టు జతచేసి, అందినట్టు స్టాంపు వేయించుకున్నాకే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు వచ్చి చూశారు. ఆయన ముందే మెయిన్ ఆపి, రిలే తెరుచుకోవడం చూపించాను. అప్పుడు సంతకం పెట్టారు.

మీరు పెట్టించుకునేటప్పుడు ఆఖరి బిల్లు ఇవ్వకముందే ఈ పరీక్ష చేయించండి: మిట్టమధ్యాహ్నం, బ్యాటరీ నిండుగా, మెయిన్ ఆపేసి, అన్నిటికంటే పెద్ద మోటారు ఒక్కసారిగా ఆపాలి. అలా ఓ గంట గమనించాలి. లైను విడిపోయినప్పుడు న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలిపే రిలే పనిచేస్తోందో లేదో కూడా మీటరు పెట్టి చూడమనండి, అది లేకపోతే షాక్ కొట్టినా ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) పడకపోవచ్చు. లంబసింగి వైపు వాళ్లయితే బ్యాటరీ గదికి తలుపులు గట్టిగా పెట్టుకోండి. అక్కడ శీతకాలంలో చలి సున్నా దగ్గరికి దిగుతుంది, మాలాంటి లిథియం బ్యాటరీని సున్నా కంటే తక్కువలో ఛార్జ్ చేస్తే పాడవుతుంది.