మూడు చుక్కలు, ఒక గీత

ఆదివారం. తెల్లారేసరికే ఉక్కపోత. సముద్రం పక్కనే ఉన్నా ఆకు కదలని రోజులు కొన్నుంటాయి వైజాగులో, ఇవాళ అలాంటిది. ఇలాంటి రోజున నేను డాబా మీద చాప వేసుకుని, దళసరి ఉన్ని కోటు ఒకటి ముందు పెట్టుకుని కూచున్నాను. చూసినవాళ్ళు మాస్టారికి ఎండ తగిలిందనుకునే ఉంటారు.

కోటు అంటున్నాను గానీ నిజానికి నడుం దగ్గరే ఆగిపోయే పొట్టి జాకెట్టు. ఖాకీ రంగు, గరుకు ఉన్ని. బాటిల్‌డ్రెస్ అంటారు దీన్ని, రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ సైన్యాల దుస్తు. పోయిన వారం వన్‌టౌన్‌లో నాటకాల డ్రస్సులు అద్దెకిచ్చే షాపు మూసేస్తుంటే దొరికింది. షాపాయన మా స్కూలు వార్షికోత్సవాలకి ఎన్నో ఏళ్ళుగా కిరీటాలూ గదలూ ఇచ్చినవాడు. "ఇది మా నాన్న కొన్నది మాస్టారూ. ఎస్సై వేషానికి ఇచ్చేవాళ్ళం. ఎవరి దగ్గర కొన్నాడో ఆయనకే తెలియాలి, ఆయన పోయి ఇరవయ్యేళ్ళు" అన్నాడు. రెండు వందలు బలవంతాన చేతిలో పెట్టి తెచ్చుకున్నాను.

అప్పట్నుంచీ ఒకటే దురద. ఎస్సై కాకముందు ఇది ఎవరిది?

ఎవరికి చూపించినా "నేవీదా?" అనే అడుగుతున్నారు. వాళ్ళనని లాభం లేదు. బీచ్‌రోడ్డులో కురుసుర సబ్‌మెరైనూ విక్టరీ ఎట్ సీ స్మారకమూ చూస్తూ పెరిగిన ఊరు ఇది. యూనిఫాం అంటే తెలుపు, యుద్ధం అంటే 1971, ఘాజీ. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఇక్కడే బాంబులు వేశాయనీ, జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకి పరిగెత్తారనీ చెప్తే మా పదో తరగతి పిల్లలు నా మొహం అదోలా చూస్తారు. విశాఖ మ్యూజియంలో ఉన్న పేలని బాంబు చూపించాకే ఒప్పుకున్నారు, అదీ సగం మందే.

నాటకాల షాపులోంచి వచ్చిన బట్టతో పెద్ద చిక్కు ఏమిటంటే ఏదీ నమ్మలేం. ఎడమ జేబు పైన నాలుగు మెడల్ రిబ్బన్లు ఉన్నాయి. అవి సైనికుడివా, దర్జీ ముచ్చటపడి అంటించినవా? గుండీలైతే ఖాయంగా షాపువే. అన్నీ పోలీసు గుండీల్లాంటివి, పైగా అందులో రెండు ప్లాస్టిక్.

అందుకే నిన్న సాయంత్రం కిరాణాకొట్టు అబ్బాయిని బతిమాలి నోట్లు చూసుకునే నీలం లైటు తెచ్చాను. పొద్దున్నే మెట్ల కింద చీకట్లో కూచుని కోటంతా ఆ లైటుతో గాలించాను. ఈ కాలపు పాలిస్టర్ దారాలు, తెలుపు తెచ్చే సబ్బుపొడి తగిలిన నూలు ఆ వెలుగులో మిణుగురుల్లా మెరుస్తాయి. పాత నూలు దారం మెరవదు. గుండీల దారం మెరిసింది. లోపలికి మడిచి కుట్టిన చేతుల అంచులూ మెరిశాయి, పొట్టి నటుడెవరికో సరిపెట్టి ఉంటారు. రిబ్బన్ల కుట్టు మాత్రం నల్లగా ఉండిపోయింది.

అదొక్కటే చాలదు, దర్జీ దగ్గర పాత దారపుండ ఉండకూడదా? రిబ్బన్ల పట్టీ ఒక మూల దానంతటదే ఊడి ఉంటే సూదితో కొంచెం ఎత్తి చూశాను. కింద ఉన్ని ముదురు రంగులో ఉంది. అంటే మిగతా కోటు వెలిసిపోతున్నంత కాలమూ ఆ ముక్క మీద ఎండ పడలేదు. ఇంకా మంచి సాక్షి పురుగు. అది కొట్టిన చిల్లి ఒకటి రిబ్బను పట్టీలోంచి తిన్నగా ఉన్నిలోకి దిగింది. రెండూ కలిసి ఉండగా తిన్నదన్నమాట.

ఇక రిబ్బన్లని నమ్మొచ్చు. మొదటిది ముదురు నీలం, ఎరుపు, లేత నీలం సమానంగా ఉంది, 1939-45 స్టార్. రెండోది ముదురు నీలం మధ్యలో ఎర్రచార, అటూ ఇటూ నారింజ గీతలు. అది బర్మా స్టార్. మూడోది వార్ మెడల్. నాలుగోది చూసి మా అబ్బాయి "జెండా!" అన్నాడు. నారింజ, తెలుపు, ఆకుపచ్చ. 1947 ఆగస్టు 15 నాటికి సైన్యంలో ఉన్నవాళ్ళకిచ్చిన ఇండిపెండెన్స్ మెడల్ రిబ్బను అది.

అంటే ఈయన బర్మా యుద్ధంలో ఉండి బతికి వచ్చాడు. పోయిన వారమంతా నేను చేసిన తెలివితక్కువ పని ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది. రాత్రుళ్ళు కూచుని కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలు తిరగేశాను. ఒక్క రంగూన్ మెమోరియల్ మీదే దాదాపు 27 వేల పేర్లు. అవన్నీ చనిపోయినవాళ్ళవి. జెండా రిబ్బను కళ్ళెదుటే ఉన్నా తట్టలేదు.

ఇంకో గొప్పతనం కూడా చెప్పుకోవాలి. మెడపట్టీ లోపల నల్లటి గుర్తు ఒకటుంది. మూడు చుక్కలు, పక్కన ఒక గీత. మోర్స్ కోడ్‌లో మూడు చుక్కలూ ఒక గీతా కలిస్తే 'వీ' అక్షరం. యుద్ధకాలంలో బీబీసీ విక్టరీకి గుర్తుగా అదే చప్పుడు డప్పు మీద వినిపించేది. ఇంకేముంది, నా సైనికుడు సైన్యంలో సందేశాలు పంపే సిగ్నల్స్ విభాగంలో పనిచేశాడు, గెలిచిన రోజున మెడపట్టీ మీద విజయం రాసుకున్నాడు! లెక్కల మాస్టారినై ఉండి కూడా ఒక్క గుర్తు మీద అంత కథ అల్లేశాను. ఇవాళ పదకొండింటికి అమ్మ వడియాలు తిరగేయడానికి డాబా మీదకి రాకపోతే ఇంకా ఆ కథలోనే ఉండేవాణ్ణి.

"ఏట్రా అలా చూస్తన్నావు? అది చాకలి గుర్తు కదా" అంది.

"చాకలి గుర్తా?"

"జీడి గుర్తురా. నల్లజీడి గింజని సూదితో పొడిచి ఆ రసంతో పెట్టీవోరు. మీద కూసింత సున్నం. బట్ట చిరిగిపోవాలి గానీ ఆ గుర్తు పోదు. ఆ రసం చేతికంటుకుంటే బొబ్బలే. మన ఊళ్ళో ఇంటికో గుర్తు. మనకి రెండు చుక్కలూ అడ్డగీతానీ. కరణం గారింటికి కొడవలి."

వంద ఇళ్ళ బట్టలు ఒకే రేవులో ఉతికినా ఎవరివి వాళ్ళకి చేరేవట. అమ్మ ఆ మాట చెప్తూ మెడపట్టీ మీద వేలితో రుద్దింది. కొత్త మరకేమోనని చూసినట్టు రుద్దింది. నా సిగ్నల్స్ సైనికుడు అక్కడితో సరి.

మిగిలినవి రెండు ఆధారాలు. ఒకటి లోపలి జేబు దగ్గర తెల్లగుడ్డ లేబులు. తయారీ సంవత్సరం పూర్తిగా చెరిగిపోయింది. కానీ ఆ లేబుళ్ళ మీద కొలతలు అచ్చువేసేవారు, అవి ఉన్నాయి. ఎత్తు 5 అడుగుల 5, 6 అంగుళాలు. ఛాతీ 35, 36. నా కొలతలే. (బుధవారం రాత్రి ఎవరూ చూడకుండా తొడుక్కున్నాను. చేతులు పొట్టి, భుజాలు సరిపోయాయి. ఏదో తప్పు చేసినట్టనిపించి వెంటనే విప్పేశాను.)

రెండోది జేబు లోపల సిరాతో రాసిన నంబరు. మామూలుగా చూస్తే మరక. సెల్‌ఫోన్ టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేసి ఫొటో తీసి, కాంట్రాస్ట్ పెంచితే అక్షరాలు తేలాయి. ముందు 'ఎం.టి.', ఇంకేదో అక్షరం, ఒక ఏటవాలు గీత, తర్వాత అంకెలు. ఒకటి 3 కావచ్చు, 8 కావచ్చు. చివరి రెండూ పూర్తిగా పోయాయి.

భోజనాలయ్యాక ఫొటో పట్టుకుని ఎదురింటి సుబేదారు గారి దగ్గరికి వెళ్ళాను. ఆర్మీ సర్వీస్ కోర్‌లో చేసి రిటైరయ్యారు. నిద్రలో ఉన్నారేమో అనుకున్నాను గానీ ఫొటో చూడగానే లేచి కూచున్నారు.

"ఎం.టి. అంటే ఏటనుకున్నారు మాస్టారూ? మెకానికల్ ట్రాన్స్‌పోర్ట్. బండి తోలినోడు. మావోడే!"

అప్పుడు రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్ అనేవారట. 1950 జనవరి 26తో రాయల్ పోయింది. "సినిమాల్లో తుపాకీ కాల్చినోణ్ణే చూపిస్తారు. ఆ తూటా ఎవడు తెచ్చాడు? బియ్యం ఎవడు తెచ్చాడు?" అని మొదలుపెట్టి, ఇంఫాల్ నుంచి బర్మాలోని టిడ్డిం వెళ్ళే కొండదారి, వానాకాలం బురద, లోయలోకి జారే లారీలు అంటూ అరగంట చెప్పారు. ఆయన పుట్టకముందు సంగతులు, కానీ తనే తోలినట్టు చెప్పారు. నేను కూడా అలాగే విన్నాను.

బర్మా మనిషికి ఉన్ని కోటెందుకు అని అడిగాను. అక్కడ అడవిలో పచ్చరంగు నూలు బట్టలు కదా.

"యుద్ధం అయ్యాక ఎక్కడేసారో! 1947 చలికాలంలో కాశ్మీరుకి బళ్ళు తోలినోళ్ళు లేరా? మన దళాలు జపాన్ కూడా వెళ్ళాయి, అక్కడ మంచు." రెండూ నిజమే, 1946లో ఇండియన్ దళాలు జపాన్‌లో కాపలా కాశాయి. అయితే ఈ కోటు ఎక్కడికి వెళ్ళిందో రిబ్బన్లు చెప్పడం లేదు.

నంబరుతో పేరు పట్టుకోవచ్చా అన్నాను. బెంగుళూరులో వాళ్ళ రికార్డ్స్ ఆఫీసు ఉందనీ, రాస్తే రాయొచ్చనీ అన్నారు. "ముందు అడిగేది మీరు ఆయనకేటవుతారని. ఏటని రాస్తారు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. లెక్క మాత్రం ఉంది. రెండు అంకెలు పోతే నూరు మంది. 3నో 8నో తేలకపోతే రెండు వందల మంది. రెండు వందల మంది డ్రైవర్లలో ఒకడు ఐదడుగుల ఐదంగుళాల వాడు, వన్‌టౌన్‌లో కోటు అమ్ముకున్నాడు. వాడే అమ్మాడో, వాడు పోయాక పెళ్ళామే అమ్మిందో.

సుబేదారు గారు చివరికి తనే దారి చెప్పారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పెన్షన్ల పని మీద ముసలి వితంతువులు వస్తుంటారు, బుధవారం తను వెళ్తున్నారు, ఫొటో చూపించి అడుగుతారు. "నంబరు ఫొటో కాదండీ, మెడపట్టీది ఇస్తాను" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. భర్త నంబరు మరిచిపోయినా ఇంటి జీడి గుర్తు మరిచిపోరేమో అని అమ్మని చూశాక అనిపించింది. రెండు ఫొటోలూ పంపాను.

సాయంత్రం ఏడు దాటాక కొంచెం గాలి వచ్చింది. కోటు ఉతకొద్దని, ఇస్త్రీ అసలే వద్దని అమ్మకి మూడుసార్లు చెప్పాను. మంచి గుడ్డలో చుట్టి పెడితే చాలు అన్నాను. ఇప్పుడు బీరువా తెరిచి చూస్తే పాత దిండుగలేబులో పెట్టి ఉంది, ఎండిన వేపాకు వేసి. గలేబు మూల మీద మా అబ్బాయి నల్ల స్కెచ్‌పెన్‌తో మూడు చుక్కలు, ఒక గీత.

"ఇదేంటమ్మా?"

"మన బట్టల్లో కలిసిపోకుండా" అంది.