68 దగ్గర ఆగిపోయిన ముల్లు

ఆదివారం, రాత్రి.

రెండున్నర కిలోల పంది భుజం ముక్క, మూత ఉన్న బొగ్గుల పొయ్యిలో చెక్క పొగ పట్టిస్తూ నెమ్మదిగా కాల్చడానికి. కిలోకి 15 గ్రాముల లెక్కన ఉప్పు నిన్న రాత్రే పట్టించి ఫ్రిజ్‌లో పెట్టడం వరకూ బాగానే జరిగింది.

పొద్దున ఆరున్నరకి నిప్పులు ఒక పక్కకి తోసి, రెండో పక్క కొవ్వు కారడానికి పళ్లెం, దాని పైన జాలీ మీద మాంసం. బొగ్గు ఇంకా పూర్తిగా రాజుకోలేదు, పైగా చెక్క ముక్కలు నానబెట్టినవి. నలభై నిమిషాల పాటు దట్టమైన తెల్ల పొగ. చూడ్డానికి బ్రహ్మాండం, తింటే నాలిక మీద మందు చేదు. చెక్క సరిగ్గా మండకపోతే వచ్చే పొగ అది. తడి చెక్కయితే ముందు నీళ్లు ఆవిరైపోవాలి, నిప్పుల వేడంతా దానికే సరి. బొగ్గు మీద బూడిద కమ్మాక, ఎండు చెక్క, పిడికిలంత ముక్కలు రెండో మూడో చాలు. పొగ కనీకనపడకుండా కొంచెం నీలంగా ఉండాలి. పొయ్యి మూతకున్న పై గాలి కంత తెరిచే ఉంచి, వేడిని కింది కంతతో సర్దుకోవాలి. పైది మూస్తే పొగ లోపలే మురిగి మాంసానికి మసి పడుతుంది.

మూత మీది థర్మామీటర్ ముల్లుని నమ్మడం రెండో పొరపాటు. అక్కడ 120 డిగ్రీలు చూపిస్తుంటే జాలీ మీద, మాంసం పక్కన, 100 కూడా లేదు. రెండు గంటలు అలాగే పోయాయి. జాలీకి తగిలించే థర్మామీటర్ వేరే ఉండాల్సిందే.

అసలు చెడింది మధ్యాహ్నం. మాంసం లోపలి వేడి చూపే ముల్లు 68కి చేరి కదలడం మానేసింది. గంట, గంటన్నర. నిప్పు చాలట్లేదనిపించి కింది కంత బార్లా తెరిస్తే, మసాలాలోని బెల్లం నిప్పుల వైపు మాడి నల్ల పెంకు కట్టింది. చాలనిది నిప్పు కాదు. ఆ దశలో మాంసం చెమట పట్టినట్టు తడి వదులుతుంది, అది ఆవిరవుతూ వచ్చిన వేడినంతా పట్టుకుపోతుంది. ఓపిక ఉంటే ఊరుకోవడం, లేకపోతే రెండు పొరల ఫాయిల్‌లో బిగించి చుట్టడం. ఆవిరి బయటికి పోయే దారి మూసుకోగానే ముల్లు కదిలింది. అయితే చుట్టాక పైపొర మెత్తబడుతుంది కాబట్టి రంగు బాగా తిరిగాకే చుట్టాలి.

95 దగ్గర దించాను. అంకె కన్నా పుల్ల గుచ్చి చూడటం మేలు, వెన్నలోకి దిగినట్టు దిగాలి. 80 దగ్గర ఉడికినట్టే ఉంటుంది గానీ పీచుల మధ్య బంక ఇంకా కరగదు, నమిలితే రబ్బరు. (వీపు కండకి ఈ లెక్క పనికిరాదు. దాంట్లో కొవ్వు తక్కువ, 60 దగ్గర దించితే కాసేపటికి అదే 63కి వస్తుంది. 95 దాకా తీసుకెళ్తే రంపపు పొట్టే.)

గంట సేపు ఫాయిల్‌లోనే వదిలేసి విప్పితే ఎముక శుభ్రంగా ఊడి వచ్చింది. అంచున అర సెంటీమీటరు గులాబీ రంగు. అది పచ్చిదనం కాదు, పొగలోని వాయువులు మాంసపు రంగుని అలా నిలబెట్టేస్తాయి. మాడిన పక్క వేలి మందాన కోసి పారేశాను. మిగతాది పీచులుగా తీసి, ఫాయిల్‌లో దిగిన రసం మీది కొవ్వు తేర్చి, ఆ రసం మళ్లీ దాంట్లోనే కలిపాను.