హెచ్-ఇండెక్స్ 19 నుంచి 5కి దిగిన కథ: నా అనుభవం

మాది ఒడిశాలో పర్లాకిమిడి. మహేంద్రతనయ నది అవతల పాతపట్నం, అది ఆంధ్రా. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే నా పేరుతో వచ్చిన చిక్కంతా ఇక్కడ మొదలైందే.

ఇక్కడికి దగ్గర్లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెప్తాను. పోయినేడు ప్రమోషన్ల ముందు గూగుల్ స్కాలర్‌లో, అంటే పరిశోధన పేపర్లు వెతికే సైటులో, అందరి హెచ్-ఇండెక్స్ తీసి ర్యాంకులు వేసిమ్మన్నారు, ఆ షీటు పని నాకు పడింది. మన పేపరుని వేరే పేపర్లు ప్రస్తావిస్తే అవి సైటేషన్లు; కనీసం 5 సైటేషన్లున్న పేపర్లు 5 ఉంటే హెచ్ 5, కనీసం 19 ఉన్నవి 19 ఉంటే హెచ్ 19, అలాగన్నమాట. నాకప్పటికి ప్రొఫైలే లేదు, ఆ రాత్రే కూర్చుని తెరిచాను, ఈ పేపర్లు మీవేనా అని గుంపులు గుంపులుగా చూపిస్తుంటే చూసీ చూడకుండా అన్నిటికీ టిక్ కొట్టేశాను. హెచ్ 19 వచ్చింది. డిపార్ట్‌మెంట్లో రెండో ర్యాంకు! అమ్మని లేపి మరీ చెప్పాను.

రెండ్రోజుల తర్వాత ప్రొఫైల్‌ని కిందకి జరుపుతుంటే రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ మీద ఒక పేపరు కనపడింది. నేను చేసేది ఒడియా చేతిరాతని కంప్యూటర్ గుర్తుపట్టే పని. ఒళ్లు చల్లబడిపోయింది.

జరిగిందేంటంటే, మనకి ఇంటిపేరు ముందుంటుంది, కానీ రిఫరెన్సుల్లో చివరి మాటనే ఇంటిపేరుగా తీసుకుంటారు. నా సర్టిఫికెట్లో అసలు ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమైపోయింది, చివర్నున్న రావు నా ఇంటిపేరైపోయింది. అదే పొడి అక్షరాలతో రావులు ఎంతమందో ఆలోచించండి, వాళ్లందరి కష్టం నా ఖాతాలో పడిపోయింది.

ఆ ఆదివారమంతా తీసేసే పనే. నావి కానివి డిలీట్ కొట్టి, ఒకే పేపరు కాన్ఫరెన్సులో ఒకసారి, జర్నల్లో ఒకసారి వచ్చి రెండుగా కనపడితే వాటిని కలిపి, కొత్తవి దానంతటదే చేర్చేసే సెట్టింగ్ ఆపేసి ముందు నన్నడిగేలా పెట్టాను. మిగిలింది 14 పేపర్లు. సైటేషన్లు ఎక్కువ నుంచి తక్కువకి కాగితం మీద రాసుకున్నాను: 31, 17, 9, 6, 5, 4... అయిదో పేపరుకి 5 ఉన్నాయి, ఆరోదానికి 6 కావాలి, ఉన్నవి 4. అంటే హెచ్ 5. లెక్క ఇంతే. 31 బదులు 3,000 ఉన్నా అదే 5 వస్తుంది.

కంప్యూటర్ సైన్స్ పేపర్ల జాబితా ఉండే డీబీఎల్‌పీ సైటులో కూడా ఇదే గొడవ, కాకపోతే అక్కడ ఒకే పేరున్నవాళ్లని పేరు వెనక 0001, 0002 అని నంబర్లేసి విడదీస్తారు. నా పేపర్ల లిస్టు పెట్టి మెయిల్ రాస్తే నన్ను వేరు చేశారు. ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే 16 అంకెల ఓర్కిడ్ నంబరు కూడా తీసుకున్నాను, అది మొదటి పేపరప్పుడే తీసుకోవాల్సింది, మీలో ఎవరైనా పీహెచ్‌డీ మొదలుపెడుతుంటే ఈ రోజే తీసుకోండి.

షీటులో నా ర్యాంకు తొమ్మిదికి పడింది. హెచ్‌ఓడీ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను, ప్రతి అంకె పక్కన ఎక్కడ తీసింది, ఏ తేదీన తీసింది రాద్దామండీ అన్నాను, ఎందుకంటే స్కాలర్ నెట్‌లో దొరికినవన్నీ లెక్కేస్తుంది, స్కోపస్ అనే ఇంకో పేపర్ల డేటాబేసు తను ఎంచుకున్నవే లెక్కేస్తుంది, ఒకే మనిషికి రెండు చోట్లా రెండు అంకెలొస్తాయి. ఆయన ఒప్పుకున్నారు. ఈ హెచ్-ఇండెక్స్ 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ఆయన ప్రతిపాదించింది. మన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారికి ఈ రంగంలో నోబెల్ లాంటి ట్యూరింగ్ అవార్డు వచ్చింది 1994లో, అంటే ఈ అంకె పుట్టకముందే పెద్దవాళ్లెవరో జనానికి తెలుసు, పని చదివి తెలుసుకునేవారు.

నన్ను బాగా కలచివేసింది ఇంకొకటి. షీటులో రాయగడ నుంచి వచ్చే మా మేస్టారి పేరు పక్కన సున్నా ఉంది. ఆయన దగ్గరే నేను అల్గారిథమ్స్ నేర్చుకున్నాను. ఇద్దరం కూర్చుని వెతికితే ఇంగ్లీషు స్పెల్లింగు మూడు రకాలుగా పడి మూడు చోట్ల పేపర్లు దొరికాయి, అన్నీ కలిపితే హెచ్ 4 వచ్చింది. ఆయనకి అన్నిటికన్నా ఇష్టమైన పేపరు మాత్రం నెట్‌లో ఎక్కడా లేదు, పాత కాన్ఫరెన్స్ పుస్తకంలో అచ్చయింది, వాళ్లింట్లో బీరువాలో ఉందట. వచ్చే ఆదివారం రైలెక్కి వెళ్లి స్కాన్ చేసుకొస్తాను.