గుర్రాలేవిరా?

మన బడి పాత విద్యార్థుల సమావేశానికి వేసే సంచిక కమిటీ తరఫున పెద్ద శీను ఫోన్ చేసి, "ఒక పేజీ రాయరా, ఏదైనా పర్లేదు" అన్నాడు. ఏదైనా అంటే నాకు పద్యం మాస్టారే. చింతచెట్టు పంచాయితీ, బాబ్జీ సైకిలు గొడవ, టెన్త్ టెన్షన్లు ఎవరో ఒకరు రాస్తారులెండి.

శనివారం ఆఖరి పీరియడ్. మనల్ని స్టేజీ ఎక్కించి, మాస్టారు గ్రౌండ్ దాటి బోరింగ్ దగ్గరికి వెళ్ళి నిలబడేవారు. మైకు లేదు. మురళిగాడు "జెండాపై కపిరాజు" ఎత్తుకుని, రాగం మోజులో "సితవాజి" (తెల్లగుర్రాలు) మింగేస్తే అక్కణ్ణుంచి కేక: "గుర్రాలేవిరా? రథం ఎవడు లాగుతాడు? మళ్ళీ!" మురళి మళ్ళీ పాడేవాడు. గుర్రాలు బోరింగ్ దాకా వచ్చేవరకు బెల్లు కొట్టినా వదిలేవారు కాదు. పద్యనాటకాల నటుడు పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుడు ఆయనకు ప్రాణం. "రాగం సాగదీయడురా, పద్యంతో మాట్లాడతాడు" అనేవారు.

న్యూజెర్సీ వచ్చాక ఆఫీసులో ఒకాయన టికెట్ మిగిలిందని న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాకి తీసుకెళ్ళాడు. ఒపేరా అంటే పాటలతోనే సాగే నాటకం. దాదాపు 3,800 సీట్ల హాలు. గాయకులకి మైకుండదు. ఇటాలియన్ ఒక్క ముక్క రాదు నాకు. అయినా పైగ్యాలరీలో చివరి వరసకి ఆ టెనర్ (పైస్థాయిలో పాడే మగ గాయకుడు) పలికిన ప్రతి అక్షరం విడివిడిగా చేరింది. పక్కన మాస్టారు ఉంటే బాగుండుననిపించింది.

అప్పట్నుంచి పాత రికార్డులు, పాత సమీక్షలు వెతుక్కోవడమే పని. 1972 ఫిబ్రవరి 17న అదే స్టేజీ మీద ఇటలీ టెనర్ పావరొట్టి, డోనిజెట్టి స్వరపరిచిన ఒపేరాలో ఒకే పాటలో తొమ్మిది హై సీలు (టెనర్ గొంతుకి బాగా పైనుండే స్వరం) అలవోకగా పాడితే, జనం ఆయన్ని 17 సార్లు తెర ముందుకి రప్పించారు. ఆ తారస్థాయిని అందరూ పొగుడుతారు. విమర్శకులు మెచ్చిన ఇంకో గుణం నాకు అంతకన్నా గొప్పది: ఎంత పైకెళ్ళినా మాట చెదరదు. మన బోరింగ్ పరీక్ష ఆయన మొదటిసారే పాసయ్యేవాడు.

2008 ఏప్రిల్ 21న పెరూ టెనర్ హువాన్ డియెగో ఫ్లోరెజ్ అదే పాట పాడినప్పుడు నేను హాల్లో ఉన్నాను. చప్పట్లు ఆగలేదు. ఆయన మళ్ళీ పాడాడు, ఆ తొమ్మిదీ మళ్ళీ! తిరునాళ్ళలో వన్స్ మోర్లు విన్న మనకి ఇది మామూలే కానీ, అక్కడ 1994లో పావరొట్టి తర్వాత ఏ గాయకుడూ అలా ఒంటరిగా రెండోసారి పాడలేదు. నేను లేచి నిలబడి "వన్స్ మోర్" అని అరిచాను, అచ్చం మన ఊళ్ళోలాగే.

ఇప్పుడు ఇక్కడి వారపత్రికకి సంగీత సమీక్షలు రాస్తున్నాను. తెలుగు మీడియం కుర్రాడి అభిప్రాయం కోసం ఇక్కడివాళ్ళు ఎదురుచూస్తారని మాస్టారికి చెప్పుకోవాలని ఉండేది. గొంతు ఎలా ఉందో రాసేముందు ఏ మాట వినపడిందో, ఏది మింగేశారో రాస్తాను.

శీనూ, సమావేశంలో మాస్టారి పేరిట పిల్లలకి పద్యాల పోటీ పెట్టండి. బహుమతుల ఖర్చంతా నాది. మైకు మాత్రం పెట్టకండి, జడ్జీలని బోరింగ్ దగ్గర కూర్చోబెట్టండి.