మౌస్ ఎక్కడుందో చూసుకోండి: బ్లెండర్ తెరతో నా తొలి రోజులు

త్రీడీ యానిమేషన్ నేర్చుకుందామని బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఇన్‌స్టాల్ చేసుకున్న మొదటి వారంలో నేను కదిలించగలిగినది ఒక్క బంతిని మాత్రమే, దానిని కూడా మూడుసార్లు పొరపాటున చెరిపేశాను. 1వ ఫ్రేములో నేల మీద, 12వ ఫ్రేములో గాలిలో, 24వ ఫ్రేములో మళ్లీ నేల మీద ఉండేలా కీఫ్రేములు (ఏ ఫ్రేములో వస్తువు ఎక్కడుండాలో చెప్పే గుర్తులు) పెట్టాను. బ్లెండర్ మామూలుగా సెకనుకు 24 ఫ్రేములు నడుపుతుంది కనుక అది సెకను పాటు సాగే గెంతు. మధ్య కీఫ్రేము నచ్చక, ఫ్రేములు వరుసగా కనిపించే టైమ్‌లైన్‌లో దానిని ఎంచుకుని, మౌస్‌ను పైన బంతి కనిపించే భాగంలోకి జరిపి ఎక్స్ మీట నొక్కాను. బ్లెండర్ అడిగిన ప్రశ్నను చదవకుండానే సరేనన్నాను. కీఫ్రేములతో సహా బంతే మాయమైంది.

కారణం అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. బ్లెండర్‌లో షార్ట్‌కట్ ఏ పని చేస్తుందనేది మనం చివరిసారి ఎక్కడ క్లిక్ చేశామనే దానిని బట్టి కాక, మీట నొక్కే క్షణంలో మౌస్ బాణం ఏ భాగం మీద ఉందనే దానిని బట్టి ఉంటుంది. అదే జీ మీట దృశ్యం కనిపించే త్రీడీ వ్యూపోర్ట్ మీద వస్తువును జరిపితే, టైమ్‌లైన్ మీద కీఫ్రేమును జరుపుతుంది. ఈ ఒక్క సంగతి ఎవరైనా మొదటి రోజే చెప్పి ఉంటే ఎంత బాగుండేదో! నేను చూసిన పాఠాలన్నీ మెనూల పేర్లు అప్పజెప్పడంతోనే సరిపెట్టాయి. పైగా వాటిలో ఒకటి 2019లో 2.80 వెర్షన్ రాకముందుది కావడంతో, వస్తువును ఎంచుకోవడానికి కుడి క్లిక్ చేయమని చెప్పి నన్ను మరింత తికమక పెట్టింది.

తెర మీది భాగాలు ఒకదాని మీద ఒకటి పడవు; గోడలు పంచుకున్న గదుల్లా పక్కపక్కనే ఉంటాయి. ఒక భాగం మూలను పట్టుకుని లోపలికి లాగితే అది రెండుగా చీలుతుంది, పక్క భాగంలోకి లాగితే రెండూ కలిసిపోతాయి. ప్రతి భాగం పైవరుసలో ఎడమ చివరనున్న చిన్న గుర్తును నొక్కి, అక్కడ ఏ ఎడిటర్ (టైమ్‌లైన్, వ్యూపోర్ట్ లాంటి పనిచోటు) కావాలంటే దానిని తెచ్చుకోవచ్చు. అంటే టైమ్‌లైన్ ఎక్కడికో పోయిందని కంగారుపడి సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయనవసరం లేదు (నేను చేశాను). ఇరుకనిపించినప్పుడు కంట్రోల్, స్పేస్ కలిపి నొక్కితే మౌస్ ఉన్న భాగం తెరంతా పరుచుకుంటుంది, మళ్లీ నొక్కితే యథాస్థానానికి వస్తుంది.

పై అంచున లేఅవుట్, మోడలింగ్, యానిమేషన్ వంటి పేర్లతో ఉన్న వర్క్‌స్పేస్‌లు ఈ అమరికలనే ముందుగా సిద్ధం చేసి ఇస్తాయి. ఇవి ఫైలుతో పాటే భద్రమవుతాయి కనుక, మిత్రుని ఫైలు తెరిచిన రోజున నా తెర కాస్తా ఆయన తెరలా మారిపోయింది. తెరిచే ముందు లోడ్ యూఐ (ఫైలులోని తెర అమరికను కూడా తెచ్చుకోవడం) అనే టిక్ తీసేస్తే ఆ బెడద ఉండదు.

ఇప్పుడు యానిమేషన్ వర్క్‌స్పేస్‌లోని కీఫ్రేములను వరుసగా చూపే డోప్ షీట్‌ను రెండుగా చీల్చి, కుడివైపు కదలికను వంపు గీతలుగా చూపే గ్రాఫ్ ఎడిటర్ పెట్టుకుని, ఆ అమరికనే బ్లెండర్ తెరవగానే వచ్చే స్టార్టప్ ఫైలుగా సేవ్ చేసుకున్నాను. బంతి మాత్రం ఇంకా బుడగలా తేలుతూనే దిగుతోంది, అందుకే ఈ వారమంతా ఆ వంపులతోనే కుస్తీ పడుతున్నాను.